మారేడు పొడి మీకు పనిచేస్తుందో లేదో తేల్చుకునే పద్ధతి

విరేచనాలు పట్టుకుంటే మారేడు పొడి వేసుకో, రెండ్రోజుల్లో కట్టుకుంటాయి అని మా ఉదయగిరి వైపు ఎవరినడిగినా చెప్తారు. కట్టుకుంటాయి, నిజమే. కానీ మామూలు విరేచనాలు ఏ మందూ వేసుకోకపోయినా చాలామందికి రెండు మూడు రోజుల్లో వాటంతటవే తగ్గిపోతాయి కదా, మరి తగ్గించింది మారేడే అని ఎట్లా చెప్తాం? అందుకని అప్పుడు మారేడు పనిచేస్తుందా అని పరీక్షించొద్దు, ప్యాకెట్ మీద రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్లలో ఓఆర్ఎస్ కలిపి కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి.

పరీక్షకు పనికొచ్చేది నెలల తరబడి ఉండే బాధ, అంటే తిన్న వెంటనే దొడ్డికి పరిగెత్తడం లాంటిది. అదైనా డాక్టరు చూసి పెద్ద జబ్బేమీ లేదన్న తర్వాతే. మలంలో రక్తం, జ్వరం, బరువు తగ్గడం, నిద్రలోంచి లేపేసే విరేచనాలు, వీటిలో ఏది ఉన్నా ముందు ఆసుపత్రికి వెళ్లండి. గర్భిణులు, చిన్నపిల్లలు, షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు దీని జోలికి పోవద్దు.

కాయ విషయంలోనే చాలామంది పొరబడతారు. పచ్చికాయ విరేచనం కడుతుందనీ, పండు సాఫీగా అయ్యేట్టు చేస్తుందనీ ఆయుర్వేదం చెప్తుంది, అంటే ఒకే చెట్టుది అయినా పని తిరగబడుతుంది. కాబట్టి పచ్చి కాయే తెచ్చుకోండి. చిప్ప చాలా గట్టిది, కత్తికి లొంగదు, బండకేసి కొట్టాల్సిందే. లోపలి గుజ్జు వేళ్లకు జిగురుగా అంటుకుంటుంది. దాన్ని ముక్కలు కోసి, నీడలో గలగలలాడేదాకా ఎండబెట్టి, దంచి జల్లించండి. కొన్న పొడిలో ఏం కలిసిందో మనకు తెలియదు.

ఇక క్యాలెండర్ మీద ఆరు వారాలు గుర్తు పెట్టుకోండి. మొదటి రెండు వారాలు రోజూ మధ్యాహ్నం ఒక గ్లాసు ఉత్త మజ్జిగ. తర్వాతి రెండు వారాలు అదే మజ్జిగలో చిన్న చెంచాడు పొడి. చివరి రెండు వారాలు మళ్లీ ఉత్త మజ్జిగే. మొదటి నుంచీ మజ్జిగ ఎందుకంటే, కొందరికి మజ్జిగే మేలు చేస్తుంది, ఆ పేరు మారేడుకు పోకూడదు. దొడ్డికి వెళ్లిన ప్రతిసారీ ఆ తేదీ మీద ఒక గీత గీయండి, చేపల పులుసు, ఆవకాయ తిన్న రోజు పక్కన రాయండి. మధ్యలో వేరే మందు మొదలుపెడితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మలబద్ధకం వస్తే పొడి ఆపేయండి.

పొడి వేసుకున్నప్పుడు గీతలు తగ్గి, ఆపాక మళ్లీ పెరిగితే మీకు పనిచేసినట్టే అనుకోవచ్చు. మా అమ్మ విషయంలో మూడు విడతల్లోనూ దాదాపు ఒకే లెక్క వచ్చింది. ఆవకాయ తినని రోజుల్లో మాత్రం గీతలు సగానికి పడిపోయాయి, ఇప్పుడు జాడీ అటక మీద ఉంది.