డైలాగు ఎక్కడ జారిపోతోంది? కొత్త నటులకు సమస్య - పరిష్కారం

డైలాగు మరిచిపోగానే చాలామంది కొత్త నటులు 'నాకు జ్ఞాపకశక్తి తక్కువ' అని తీర్మానించుకుంటారు. దయచేసి అంత తొందరపడకండి. ఎక్కడ, ఎలా మరిచిపోతున్నారో గమనిస్తే కారణం అక్కడే దొరుకుతుంది.

సమస్య: ఇంట్లో గడగడా వస్తుంది. రిహార్సల్లో ఎదుటి నటుడు నోరు తెరిస్తే పోతుంది.

కారణం: మీరు మీ డైలాగులే వరుసగా చదువుకున్నారు. మధ్యలో మరొకరి గొంతు వినిపించగానే ఆ వరుస తెగిపోతుంది.

పరిష్కారం: ఎదుటివారి డైలాగులను ఫోనులో రికార్డు చేసుకుని, మీవి పట్టేంత ఖాళీ వదిలి, వింటూ జవాబివ్వండి. చాలామంది క్యూ (మీ వంతు వచ్చిందని తెలిపే ఎదుటివారి మాట) కోసం చివరి మాటనే పట్టుకుంటారు. నా ఉద్దేశంలో అది చాలదు. "ఉత్తరం నీ చేతికే ఇచ్చాను, చదివావో లేదో తెలియదు, ఇక వెళ్తాను" అన్న డైలాగు చూడండి. క్యూ 'వెళ్తాను'. కానీ మీ పాత్రను గుచ్చేది 'నీ చేతికే' అన్న మాట. జవాబు పుట్టేది అక్కడే. దాని కింద గీత గీయండి. అప్పటి నుంచి వినడం మొదలుపెడితే క్యూ వచ్చేసరికి మీ మాట నాలుక మీద ఉంటుంది.

సమస్య: మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవలసి వస్తోంది. అంతా ఒకే రాగంలో సాగుతోంది.

బట్టీ పట్టినందుకే ఇలా అవుతుంది. శబ్దం గుర్తుంది, అర్థం వెనకబడింది. మనస్తత్వ శాస్త్రవేత్త హెల్గా నోయిస్, నటుడూ దర్శకుడూ అయిన టోనీ నోయిస్ కలిసి నటుల జ్ఞాపకశక్తిపై ఏళ్ల తరబడి పరిశోధించారు. అనుభవజ్ఞులైన నటులు ప్రతి మాట వెనుక పాత్ర ఉద్దేశాన్ని వెతుకుతారని, కదలికతో కలిసిన మాట బాగా నిలుస్తుందని వారు గమనించారు. మీరూ దృశ్యాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్క పక్కన పాత్ర చేస్తున్న పని రాయండి: బతిమాలడం, దాటవేయడం, బెదిరించడం. ముందు సొంత మాటల్లో నటించి చూడండి. తర్వాత రచయిత మాటలకు రండి, అక్షరం తప్పకుండా. 'అయినా' అని రాసిన చోట 'కానీ' అంటే పాత్ర ఆలోచనే మారిపోతుంది. దర్శకుడు కదలికలు ఇచ్చాక కూర్చుని చదవకండి, నడుస్తూ చెప్పుకోండి.

సమస్య: రాత్రి పూర్తిగా వచ్చింది, తెల్లారేసరికి సగం లేదు.

కారణం: నేర్చుకున్న తొలి గంటల్లోనే మరుపు అతి వేగంగా ఉంటుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపాడు. పైగా పేజీ చూస్తూ చదివితే మాటలు పరిచయం అవుతాయే తప్ప, తలచుకున్నప్పుడు రావు.

పరిష్కారం: ఒకేసారి 2 గంటలు కూర్చునే బదులు రోజుకు నాలుగైదు సార్లు, పావుగంట చొప్పున సాధన చేయండి. స్క్రిప్టు మూసి చెప్పండి. ఆగిపోతే కాసేపు తడుముకుని, ఆ తర్వాతే తెరవండి. పడుకునే ముందు ఒకసారి, లేవగానే చూడకుండా ఒకసారి.

సమస్య: ఒక దృశ్యంలోంచి మరో దృశ్యంలోకి దూకేస్తున్నారు.

రెండుచోట్లా ఒకేలాంటి వాక్యం ఉండి ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన రాసి, తేడా ఉన్న మాటకు సున్నా చుట్టండి.

సమస్య: వేదిక మీద ఒక్కసారిగా అంతా ఖాళీ.

లోపల వెతకడం ఆపండి. ఊపిరి వదిలి సహనటుడి కళ్లలోకి చూడండి, ఇప్పుడే విన్నదానికి బదులివ్వండి. అసలు మాట రాకపోతే అదే ఉద్దేశాన్ని పాత్ర గొంతుతో చెప్పండి, సహనటుడు అందుకుంటాడు. ప్రదర్శన కాగానే ఆ చోట పెన్సిలుతో గుర్తు పెట్టి, మర్నాడు సాధన అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఇద్దరూ బంతి విసురుకుంటూ ఆ ముక్క చెప్పుకోండి. చేతులకు పని ఉన్నప్పుడు కూడా మాట తడబడకుండా వస్తే, అది వేదిక మీదా వస్తుంది.