పదాలు పెంచేకొద్దీ జవాబు పాడవుతోందా?

గుంటూరు బ్రాడీపేట నాలుగో లైనులోని మా గదికి మొన్న ఒక ఎమ్మెస్సీ విద్యార్థి నోటు పుస్తకంతో వచ్చాడు. "మాస్టారూ, శ్రేణిలో ఎన్ని పదాలు రాస్తే జవాబు అంత పాడవుతోంది" అన్నాడు. అది స్నిగ్ధత (జిగట) లేని ప్రవాహానికి రాసే బర్గర్స్ సమీకరణం: యూ కాలంతో మారే రేటుకు, యూను దాని ఎక్స్ అవకలజంతో గుణించి కలిపితే సున్నా. కాలం టీ సున్నా అయినప్పుడు యూ విలువ ఎక్స్. పద్ధతి అడోమియన్ విఘటనం, అంటే ముందు పదాల నుంచి తర్వాతి పదాన్ని రాబడుతూ సాధనను శ్రేణిగా కట్టడం. అసలు సాధన ఎక్స్ / (1 + టీ) అని ముందే తెలుసు కాబట్టి తప్పు పట్టడం తేలిక.

సమస్య: టీ వర్గం పదం రాలేదు.
కారణం: మొదటి పదం ఎక్స్, రెండోది −ఎక్స్·టీ. ఇక్కడి దాకా బాగుంది. తర్వాత రెండో పదాన్ని దాని అవకలజంతోనే గుణించేశాడు. నేను చూసే నోటు పుస్తకాల్లో సగం తప్పులు ఇక్కడివే.
పరిష్కారం: పదాలకు 0, 1, 2 అని సంఖ్యలు వేయండి. ఒక పదాన్ని ఇంకో పదం అవకలజంతో గుణిస్తే ఒక జంట. ఈ మెట్టులో జంట సంఖ్యల మొత్తం 1 కావాలి: 0-1, 1-0. రెండూ కలిపితే −2·ఎక్స్·టీ. సమాకలనం చేసి గుర్తు మారిస్తే ఎక్స్·టీ వర్గం వస్తుంది.

సమస్య: ఎక్స్ = 1, టీ = 2 దగ్గర మొత్తాలు 1, −1, 3, −5, 11 అంటూ ఊగుతున్నాయి. రావలసింది 1/3.
కారణం: లెక్క తప్పు కాదు. టీ = −1 వద్ద హారం సున్నా అవుతుంది. మనం వెళ్లేది కుడివైపే అయినా, ఎడమనున్న ఆ గొయ్యి వల్ల శ్రేణి టీ 1కి చేరకముందు వరకే అభిసరిస్తుంది. ఇంకో ఇరవై పదాలు రాసినా కాగితం దండగ.
పరిష్కారం: పాడే (Padé) పద్ధతిలో మొదటి రెండు పదాలను లవం, హారం ఉన్న ఒక భిన్నం రూపంలోకి మార్చండి. ఇక్కడ అచ్చంగా అసలు సాధనే వస్తుంది. అన్నిచోట్లా ఇంత అదృష్టం ఉండదు. నాకు నచ్చినది లియావ్ అనే పరిశోధకుడు 1992లో ప్రతిపాదించిన హోమోటోపీ విశ్లేషణ; ఇదీ శ్రేణి పద్ధతే. అందులో హెచ్ అనే పరామితి మన చేతిలో ఉంటుంది. హెచ్ = −1 పెడితే పాత శ్రేణే. −0.5 పెడితే అదే టీ = 2 దగ్గర 1, 0, 0.5, 0.25, 0.375 అంటూ 1/3 వైపు దిగుతుంది. హెచ్‌ను గుడ్డిగా ఎంచుకోవద్దు. వచ్చిన సాధనను సమీకరణంలో తిరిగి పెట్టి, మిగిలే అవశేషం ఎప్పుడు తగ్గుతుందో చూడండి.

సమస్య: ప్రారంభ విలువ −ఎక్స్ అయితే, పాడే భిన్నం కూడా టీ = 1 వద్ద పేలిపోతోంది.
కారణం: అసలు సాధనే −ఎక్స్ / (1 − టీ). లాక్షణిక రేఖలన్నీ (యూ విలువ మారకుండా సాగే దారులు) ఆ క్షణాన ఒకే బిందువులో కలుస్తాయి.
పరిష్కారం: లేదు. సాధన టీ 1 లోపే చెల్లుతుందని రాసి, పేజీ తిప్పండి.