పాత ల్యాప్‌టాప్‌కి ముందు డిస్క్ మార్చి చూడండి

నాది థింక్‌ప్యాడ్ టీ430, 2012 నాటి మోడల్. తెనాలిలో ఇంటి దగ్గరే పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. ప్రశ్నపత్రాలు, మార్కులు, ఫీజుల లెక్క అన్నీ అందులోనే. ఆన్ చేసి వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకొచ్చినా ఇంకా తెరుచుకోని స్థితికి వచ్చింది. దానికి తోడు విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోతాయని, ఈ ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా రాదని తెలిసి టెన్షన్ పడ్డాను. "ఇంకెందుకమ్మా, కొత్తది కొనుక్కో" అన్నాడు అన్నయ్య. కొనలేదు. నేను చేసింది చెబుతాను.

ముందు రోగం ఎక్కడుందో చూడాలి. ఏ భాగం ఎంత పని చేస్తోందో చూపించే విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ ఖాళీగానే ఉంది, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర నిలబడి ఉంది. పాత హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరగాలి, ముల్లు కదిలి ఫైలు వెతుక్కోవాలి. దాని బదులు పెట్టుకునే ఎస్‌ఎస్‌డీ అనే కొత్త రకం డిస్క్‌లో ఆ కదలికే ఉండదు. మీకూ ఇలాగే కనిపిస్తే మొదటి ఖర్చు దాని మీదే పెట్టండి. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ, 256 జీబీ నాకు చాలింది. ఫైళ్లన్నీ ముందుగా వేరేచోట కాపీ చేసుకుని, ఛార్జర్ తీసి, బ్యాటరీ ఊడదీసి, పక్కనున్న మూత స్క్రూ విప్పి మార్చాను. అన్ని మోడళ్లలో ఇంత తేలిక కాదు. బ్యాటరీ లోపల ఉండేవైతే రిపేరు షాపులో మార్పించండి, ఎదురుగా కూర్చుని.

ర్యామ్ 4 జీబీ ఉంటే 8 చేయండి. కొనేముందు పాతదాని మీది స్టిక్కర్ చదవండి. పీసీ3ఎల్ అని ఉంటే అదే అడగండి. ఒట్టి పీసీ3 ఇస్తే దానికి కావలసిన వోల్టేజీ ఎక్కువ, కొన్ని ల్యాప్‌టాప్‌లు ఆన్ కావు.

కొత్త డిస్క్‌లో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేశాను. మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేయగానే (థింక్‌ప్యాడ్‌లో అయితే) ఎఫ్12 నొక్కి పెన్‌డ్రైవ్‌ని ఎంచుకుంటే ఇన్‌స్టాల్ చేయకుండానే వాడి చూడొచ్చు. వైఫై, సౌండ్, ప్రింటర్ మూడూ పనిచేస్తున్నాయో లేదో అప్పుడే చూసుకోండి. పాత డిస్క్ బయటే ఉంది కాబట్టి విండోస్ అలాగే భద్రం. నచ్చకపోతే మళ్లీ బిగించుకోవడమే. ఈ ధైర్యం లేకపోతే నేను అసలు మొదలుపెట్టేదాన్నే కాదు.

కీబోర్డు లేఅవుట్లలో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరికలో టైపు చేయొచ్చు. ఒక చిక్కు మాత్రం ఉంది. విండోస్‌లోని గౌతమి ఫాంట్‌లో చేసిన పాత ప్రశ్నపత్రాలు, మింట్‌లో వర్డ్ బదులు వాడే లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే ఆ ఫాంట్ లేక పేజీలు జరిగిపోతాయి. జిరాక్స్ షాపుకి పీడీఎఫ్ చేసి పంపుతున్నాను. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో డీటీపీ చేసేవాళ్లు మాత్రం విండోస్ వదలకండి, మీ పని ఆగిపోతుంది.

రోజంతా ఛార్జర్‌కి తగిలించి వాడేవాళ్లకు ఇంకో మాట. లిథియం బ్యాటరీ ఎప్పుడూ 100 శాతం ఛార్జ్ దగ్గర ఉంటే, అందులోనూ మన ఎండలకి, త్వరగా అరిగిపోతుంది. మింట్‌లో టీఎల్‌పీ అనే చిన్న ప్రోగ్రామ్ వేసి, 75కి తగ్గితే ఛార్జింగ్ మొదలై 80 దగ్గర ఆగేలా పెట్టాను. థింక్‌ప్యాడ్‌లలో ఇది బాగా పనిచేస్తుంది. ఫ్యాన్‌లో దుమ్ము కూడా ఏడాదికోసారి ఊదించండి. ఊదేటప్పుడు ఫ్యాన్ గిర్రున తిరగకుండా రెక్కని పుల్లతో ఆపి పట్టుకోవాలి.

నెల రోజులు వాడి, ఇక విండోస్ అక్కర్లేదని తేల్చుకున్నాక పాత డిస్క్‌ని ఖాళీ చేసి యూఎస్‌బీ కేసులో పెట్టాను. ఆదివారం ఆదివారం ఫైళ్లన్నీ అందులోకి కాపీ. అవగానే ఊడదీసి బీరువాలో పెట్టేస్తాను. తగిలించే ఉంచితే వైరస్ వచ్చినా, పిడుగు పడి కరెంటు ఎక్కువొచ్చినా రెండు కాపీలూ ఒకేసారి పోతాయి.