పిల్లల ఆటల ఫొటోలు చెడుతున్నాయా? ముందు ఫొటోనే అడగండి

స్కూల్ ఆటల పోటీలకి కెమెరా పట్టుకెళ్లి మూడొందల ఫొటోలు తీస్తే, ఇంటికొచ్చి చూసుకునేసరికి పది కూడా దక్కకపోవడం కొత్తలో అందరికీ జరిగేదే. వెంటనే మనసు కొత్త లెన్స్ మీదకి పోతుంది. ఆగండి. చెడిన ఫొటోని పారేయకుండా కంప్యూటర్‌లో నూరు శాతం పెద్దది చేసి చూడండి. తప్పు ఎక్కడ జరిగిందో అందులోనే కనిపిస్తుంది.

ఖోఖోలో ఒక పిల్ల స్తంభం దగ్గర డైవ్ కొడుతూ చెయ్యి చాచింది అనుకుందాం. మీ ఫొటోలో స్తంభం చెక్కమీద గీతలు, నేలమీద ఇసుక రేణువులు తేటగా ఉండి, ఆ పిల్ల చెయ్యి మాత్రం తిరిగే ఫ్యాన్ రెక్కలా అలుక్కుపోయిందా? అది షట్టర్ స్పీడ్ (ఫొటో తీసేటప్పుడు షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంటుందన్నది) లోపం. స్తంభం, నేల, పిల్ల అన్నీ ఒకే వైపుకి సాగినట్టు, ప్రతి రేణువూ చిన్న గీతలా కనిపిస్తోందా? కదిలింది మీ చెయ్యి. అలా కాకుండా వెనక ప్రహరీ మీద రాసిన అక్షరాలన్నీ చక్కగా చదవగలుగుతూ, పిల్ల మాత్రం దూదిలా మెత్తగా ఉందా? ఫోకస్ గోడ మీద పడింది. మూడూ చూడ్డానికి "మసక"లాగే ఉంటాయి గానీ మూడింటికీ మందు వేరు. ఏది ఏదో తేల్చుకోకుండా సెట్టింగులు మారిస్తే ఒకటి సరిచేయబోయి ఇంకోటి చెడగొట్టుకుంటాం.

సమస్య: నేల తేటగా ఉంది, కాళ్లూ చేతులూ అలుక్కుపోతున్నాయి

కారణం లెక్కలోనే ఉంది. పరిగెత్తే పిల్లవాడు సెకనుకి 5 మీటర్లు పోతున్నాడనుకోండి. ఆటో మోడ్‌లో కెమెరా తరచుగా 1/125 సెకను దగ్గర ఆగుతుంది. ఆ కాస్త సమయంలోనే వాడు 4 సెంటీమీటర్లు జరుగుతాడు. 1/1000లో అయితే జరిగేది 5 మిల్లీమీటర్లే. చేతులు, పాదాలు ఒంటికన్నా వేగంగా ఆడతాయి కాబట్టి ముందు అలికేవి అవే.

మోడ్ డయల్‌ని నికాన్, సోనీల్లో ఎస్ దగ్గరికి, కానన్‌లో టీవీ దగ్గరికి తిప్పండి. షట్టర్ 1/1000 పెట్టండి. ఐఎస్ఓని (వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) ఆటోలో ఉంచి, మెనూలో దాని గరిష్ఠం 6400కి కట్టేయండి. మిగతాది కెమెరా చూసుకుంటుంది. పరుగుపందెం, ఖోఖోలకి 1/1000 సరిపోతుంది. కబడ్డీకి 1/800 దాకా దిగొచ్చు. క్రికెట్ బ్యాట్, షటిల్ రాకెట్ ఆగినట్టు కనబడాలంటే 1/1600 నుంచి 1/2000 కావాలి. వెయిట్‌లిఫ్టింగ్‌లో బరువు తలపైకెత్తి నిలబెట్టిన క్షణానికి 1/250 చాలు.

ఎఫ్ 5.6 (ఈ అంకె తగ్గేకొద్దీ లోపలికి వెలుగు ఎక్కువ వస్తుంది) ఉన్న, కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్‌తో 1/1000 పెడితే మంచి ఎండలో ఐఎస్ఓ 100-200 మధ్య ఉంటుంది. ఆగస్టు 29 క్రీడా దినోత్సవం పోటీల రోజు దట్టంగా మబ్బేస్తే 800-1600కి వెళ్తుంది. వెళ్లనివ్వండి. డిసెంబరులో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సాయంత్రం అయిదున్నర లోపే పొద్దు గూకుతుంది. ఫైనల్ మ్యాచ్ సాయంత్రానికి పెట్టారంటే పొద్దు గూకాక 6400 కూడా చాలదు. అప్పుడు 1/500కి దిగి, ఆటగాళ్లు క్షణం ఆగే సందు కోసం కనిపెట్టుకుని ఉండాలి.

ఇదంతా ఇప్పుడే తలకెక్కడం లేదంటే చాలా కెమెరాల్లో డయల్ మీద పరిగెత్తే మనిషి బొమ్మ ఉంటుంది, అది పెట్టుకోండి. పగటి వెలుగులో నిజంగానే బాగా పనిచేస్తుంది, దాన్ని వాడటం చిన్నతనం ఏమీ కాదు.

సమస్య: ఫొటో అంతా ఒకే వైపుకి సాగింది

జూమ్ లెన్స్‌ని 250 మి.మీ. దాకా లాగి, చేతులు గాల్లో పెట్టి తీస్తే ఇలా అవుతుంది. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, ఎడమ అరచేయి లెన్స్ కింద పెట్టండి. 250 మి.మీ. దగ్గర కనీసం 1/400 ఉండాలి. లెన్స్ మీద ఉండే స్టెబిలైజర్ మీటని నమ్ముకుని షట్టర్ తగ్గించకండి. అది మీ చేతి వణుకుని ఆపుతుంది గానీ పిల్లల పరుగుని ఆపలేదు.

సమస్య: పిల్ల మసక, వెనక గోడ తేట

కొత్తవాళ్లని ఎక్కువ ఏడిపించేది ఇదే. దీనికి మూడు కారణాలుంటాయి, ఒక్కోసారి మూడూ కలిసే ఉంటాయి.

మొదటిది, కెమెరా ఒక్కసారి ఫోకస్ పట్టి తాళం వేసేసే పద్ధతిలో ఉండటం. కూర్చున్నవాళ్లకి అది బాగుంటుంది. పిల్లవాడు మీవైపు పరిగెత్తుకొస్తుంటే బటన్ సగం నొక్కినప్పుడు ఉన్న చోట ఫొటో తీసేటప్పుడు ఉండడు. కానన్‌లో ఏఐ సర్వో లేదా సర్వో, నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి పెట్టండి. బటన్ సగం నొక్కి ఉంచినంతసేపూ ఫోకస్ వాడి వెంటే తిరుగుతుంది. అయితే దానికి కాస్త వ్యవధి కావాలి. కబడ్డీలో అయితే రైడర్ (కూతకి వెళ్లేవాడు) మధ్యగీత దాటకముందే సగం నొక్కి వెంటాడండి. టచ్ అయ్యాక నొక్కితే అందదు.

రెండోది, ఎక్కడ ఫోకస్ చేయాలో కెమెరాకే వదిలేయడం. అది దగ్గరగా ఉన్నదాన్నో, గీతలు ఎక్కువ ఉన్నదాన్నో పట్టుకుంటుంది. గోనెపట్టా మీద రాసిన బ్యానర్ దొరికితే ఇక వదలదు. మధ్య పాయింట్ ఒక్కటే, లేదా దాని చుట్టూ చిన్న జోన్ ఎంచుకోండి. దాన్ని ఛాతీ మీద నంబర్ దగ్గర ఉంచండి. తెల్లటి చొక్కా ఖాళీ భాగం మీద పెడితే పట్టుకోవడానికి ఏమీ లేక లెన్స్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది. నంబరో, కాలరో, చొక్కా అంచో చూపించాలి. ముఖాల్ని గుర్తుపట్టే కొత్త కెమెరాల్లో పరుగుపందేనికి ఆ సౌకర్యం హాయి. కబడ్డీలో ఏడుగురి ముఖాలు ఒకేసారి కనిపించేసరికి ఒకరి మీంచి ఒకరి మీదకి గెంతుతుంది. అక్కడ ఆపేయడమే మంచిది.

మూడోది చిన్నదే గానీ చాలాసార్లు జరుగుతుంది. బ్యాగులోంచి తీసేటప్పుడు లెన్స్ పక్కన మీట ఎంఎఫ్ (చేత్తో తిప్పే ఫోకస్) వైపుకి జారిపోతుంది. ప్రతి మ్యాచ్ ముందు వేలితో తడిమి చూసుకోండి.

వంద మీటర్ల పరుగుకి సులువు దారి ఇంకోటి ఉంది. ఫినిష్ తాడు కట్టిన చోట ఎవరినైనా నిలబెట్టి ఫోకస్ పట్టి, తర్వాత మీట ఎంఎఫ్‌కి మార్చి వదిలేయండి. పిల్లలు ఆ గీతకి రెండు అడుగుల దూరంలో ఉండగా మొదలుపెట్టి నాలుగైదు ఫొటోలు వరసగా కొట్టండి. ఫోన్‌తో తీసేవాళ్లు ఆ చోట వేలు నొక్కిపట్టి ఫోకస్‌కి తాళం వేసుకోవచ్చు.

సమస్య: ముఖాలు నల్లగా వస్తున్నాయి

సూర్యుడు పిల్లల వెనక ఉన్నాడు. ఉదయం గ్రౌండ్‌కి తూర్పు వైపున, సాయంత్రం పడమటి వైపున నిలబడితే ఎండ మీ వీపున పడి వాళ్ల ముఖాల మీదకి వెళ్తుంది. విజయనగరం విజ్జీ స్టేడియం అయినా, శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియం అయినా, ఊరి హైస్కూల్ గ్రౌండ్ అయినా, గేటు దగ్గర దిగగానే చూడాల్సింది నీడ ఎటు పడుతోందన్నది. కుర్చీలు ఎక్కడ వేశారన్నది తర్వాత.

మధ్యాహ్నం సంగతి నెలని బట్టి మారుతుంది. డిసెంబరులో మన ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి బాగా వాలి, ఆకాశంలో సగం ఎత్తునే ఉంటాడు. దక్షిణం వైపు నిలబడి ఉత్తరానికి తీస్తే పన్నెండింటికీ ముఖాలు బాగానే వస్తాయి. మే రెండో వారంలో, జూలై చివర్లో మాత్రం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఏ వైపు నిలబడినా కళ్ల కింద గుంటల్లా నీడలు పడతాయి. ఆ గంట వదిలేసి, చెట్టుకింద నీళ్లు తాగే పిల్లల్నీ, తర్వాతి మ్యాచ్‌కి మోకాళ్లకి గుడ్డలు కట్టుకునేవాళ్లనీ తీయండి.

వైపు మార్చుకునే వీలు లేకపోతే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగు) ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1 పెట్టండి. వెనక ఆకాశం తెల్లబోతుంది, పోనివ్వండి. మనకి కావలసింది ముఖం.

సమస్య: ఇండోర్ హాల్లో చీకటి, ఒక ఫొటో పచ్చగా, ఇంకోటి గోధుమరంగులో

ఇక్కడ రెండు జబ్బులు కలిసి ఉంటాయి.

చీకటికి మందు లెన్స్. కిట్ లెన్స్ ఎఫ్ 5.6 బదులు 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్‌ని ఎఫ్ 2 దగ్గర వాడితే ఎనిమిది రెట్లు వెలుగు వస్తుంది. 1/125కే గతిలేని హాల్లో అదే ఐఎస్ఓకి 1/1000 దొరుకుతుంది. ఏదైనా కొనదలిస్తే ముందు కొనాల్సింది ఇదే, పెద్ద జూమ్ కాదు. జూమ్ లేదు కాబట్టి దగ్గరికి వెళ్లి నిలబడాలి, దానికి పీఈటీ మాస్టారి అనుమతి ముందే అడగండి. ఫ్లాష్ మాత్రం వద్దు. షటిల్ ఆడేవాళ్లకీ, బరువు ఎత్తేవాళ్లకీ ఆ మెరుపు కళ్లలో పడటం ప్రమాదం. ఐఎస్ఓ పెరిగితే గరుకు వస్తుందని భయపడి చీకటిగా తీసి తర్వాత వెలుగు పెంచుతారు కొందరు. అలా చేస్తే గరుకు ఇంకా ఎక్కువవుతుంది.

రంగుల జబ్బుకి కారణం కరెంటు. మన కరెంటు 50 హెర్ట్జ్. పాత ట్యూబ్‌లైట్లు, హాలైడ్ దీపాలు, నాసిరకం ఎల్ఈడీలు సెకనుకి వందసార్లు పెరిగి తగ్గుతుంటాయి. కంటికి తెలియదు. 1/1000 షట్టర్ ఆ హెచ్చుతగ్గుల్లో ఒక ముక్కనే కోసి తీసుకుంటుంది. వెలిగినప్పుడు పడిన ఫొటో బాగుంటుంది, తగ్గినప్పుడు పడినది మురికిగా ఉంటుంది. పరీక్ష సులువే: ఆట మొదలవకముందు తెల్లగోడని 1/500లో పది ఫొటోలు వరసగా కొట్టండి. పదీ ఒకేలా ఉంటే దీపాలు మంచివి. తేడాలుంటే మెనూలో యాంటీ ఫ్లికర్ ఉందేమో వెతికి ఆన్ చేయండి. సైలెంట్ షట్టర్ వాడుతుంటే ఆపేయండి, అడ్డంగా పట్టీలు పడేది సాధారణంగా దానివల్లే. యాంటీ ఫ్లికర్ లేని కెమెరా అయితే 1/100కి దిగి, నిలకడ ఉన్న క్షణాలే తీయాలి.

వెయిట్‌లిఫ్టింగ్‌కి ఆ క్షణాలు బోలెడు. సిడ్నీ 2000 ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఆమదాలవలస దగ్గరి పిల్ల. విజయనగరం జిల్లా కొండవెలగాడలో చిన్నపిల్లలు ఇప్పటికీ బార్ పట్టుకుని సాధన చేస్తారు. ఈ ఆట బాగా తీయడం నేర్చుకోవడానికి మనకన్నా అనువైన చోటు తక్కువ. సరిగ్గా ఎదురుగా నిలబడితే బరువు భుజాల మీంచి లేచేటప్పుడు బార్ ముఖానికి అడ్డొస్తుంది, పక్కనుంచి అయితే ప్లేట్లు ముఖాన్నే మింగేస్తాయి. ముందువైపు కాస్త ఏటవాలుగా నేలమీద కూర్చుని తీయండి. తలపైకెత్తి రిఫరీ సంకేతం కోసం ఆగిన ఆ ఒకటి రెండు సెకన్లు 1/100లో కూడా తేటగా వస్తాయి.

సమస్య: అన్నీ తేటగానే ఉన్నాయి, అయినా ఫొటోలో ఆట లేదు

నిలబడి, ఉన్నచోటినుంచే తీస్తే పైనుంచి నడినెత్తులు, వెనక స్కూటర్లు, నీళ్ల క్యాన్లు వస్తాయి. మోకాలి మీద కూర్చోండి. లెన్స్ పిల్లల నడుము ఎత్తులో ఉంటే వాళ్లు ఆకాశం మీదకి లేచినట్టు కనిపిస్తారు.

కబడ్డీలో రైడర్ ముఖం కావాలంటే డిఫెన్స్ జట్టు వెనక గీతకి అవతల, మూల దగ్గర ఉండాలి. కూత పెడుతూ వచ్చేవాడు మీకెదురుగానే వస్తాడు. ఒక చివర కూర్చుంటే ఒక జట్టు రైడర్లే ముఖం చూపిస్తారు, రెండో జట్టువాళ్ల వీపులే దొరుకుతాయి. అందుకని చోటు మార్చకండి. హాఫ్ టైమ్‌కి జట్లే వైపులు మారతాయి, రెండోవాళ్లు మీ ముందుకొస్తారు. రైడ్ 30 సెకన్లే కాబట్టి కూత వినగానే కంటికి కెమెరా ఆనించాలి.

ఖోఖోలో కూర్చున్నవాళ్లు ఒకరు అటు, ఒకరు ఇటు తిరిగి ఉంటారు. మధ్యలోంచి తీస్తే సగం వీపులే. స్తంభానికి అవతల, లాబీ (కోర్టు చుట్టూ వదిలే ఖాళీ చోటు) బయట, ఏటవాలుగా అయిదారు మీటర్ల దూరంలో ఉండండి. స్తంభం చుట్టి తిరిగేవాళ్లూ, డైవ్ కొట్టేవాళ్లూ మీవైపే వస్తారు. ఇంకా దగ్గరికి పోకండి, ఆ వేగంలో పిల్ల వచ్చి కెమెరాకి తగిలితే పళ్లు రాలతాయి.

సమస్య: ఎప్పుడూ క్షణం ఆలస్యం

కన్ను చూశాక వేలు కదలడానికి కొంత సమయం పడుతుంది, ఫోన్లయితే ఆపైన ఇంకాస్త. ఆటని ముందుగా చదివి, జరగబోయేదానికి నొక్కాలి. మూడు నుంచి అయిదు ఫొటోల చిన్న విడతలుగా కొట్టండి. వేలు తీయకుండా పట్టుకుంటే కెమెరా లోపలి మెమరీ నిండిపోయి, అసలు పట్టు పడ్డప్పుడు మొరాయిస్తుంది. రా (RAW) అనే పెద్ద ఫైళ్లు వదిలి జేపెగ్‌లో తీస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. కార్డు మీద వి30 అనే వేగం గుర్తు ఉండేది కొనండి. ఫోన్‌లో 4కే వీడియో తీసి అందులోంచి ఒక ఫ్రేమ్ తీసుకున్నా 8 మెగాపిక్సెల్ ఫొటో వస్తుంది. మంచి ఎండలో మాత్రమే సుమా.

సమస్య: ఆకాశంలో ప్రతి ఫొటోకీ ఒకే చోట నల్లమచ్చ

సెన్సార్ (లెన్స్ వెనక ఫొటో పడే పలక) మీద దుమ్ము. ఎర్రమట్టి గ్రౌండ్‌లో లెన్స్ మార్చొద్దు. తప్పకపోతే గాలికి వీపు పెట్టి, కెమెరా నోరు కిందికి వంచి మార్చండి. రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, నోటితో ఎప్పుడూ ఊదకండి. ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మీద ఆవిరి పడితే గుడ్డతో రుద్దకండి, బ్యాగులోనే అరగంట ఉంచితే పోతుంది.

సమస్య: కెమెరాలో తేట, వాట్సాప్‌లో మసక

పంపేటప్పుడు యాప్ ఫొటోని కుదిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, అసలు ఫైల్ అలాగే వెళ్తుంది. పంపేది ఆ పిల్లల తల్లిదండ్రులకీ, మాస్టారికీ. అందరూ చూసే చోట పెట్టాలంటే ఇంట్లోవాళ్లని అడిగాకే పెట్టండి. ముఖం కనిపించే ఫొటో కింద పిల్ల పేరూ, స్కూలు పేరూ కలిపి రాయకండి. పడిపోయినప్పుడు బట్టలు చెదిరిన ఫొటోలు ఎంత తేటగా వచ్చినా కార్డులోనే చెరిపేయండి.