మినరల్ కాట్రిడ్జ్ పెట్టినా ఈత కొలను పచ్చబడుతోందా? సమస్య - పరిష్కారం

"క్లోరిన్ వాసన రాదు, కళ్లు మండవు, ఇక మందులే కొనక్కర్లేదు" అని చెప్పి మినరల్ కాట్రిడ్జ్ అమ్ముతారు. మొదటి రెండు మాటల్లో కొంత నిజముంది. మూడోది నమ్మారో, రెండు నెలల్లో విజయవాడ ఎండ అసలు సంగతి చెప్పేస్తుంది.

పంపు నీళ్లు వెళ్లే దారిలో పెట్టే ఈ కాట్రిడ్జ్‌లో ఉండేవి రాగి, వెండి, కొన్నింటిలో జింక్. అయొనైజర్ అనే పరికరమైతే రాగి, వెండి కడ్డీలకు కొద్దిపాటి డీసీ కరెంటు ఇచ్చి ఆ లోహాల అయాన్లను (విద్యుదావేశమున్న కణాలను) నీళ్లలోకి వదులుతుంది. రాగి పాచిని పెరగనివ్వదు, ఆ పని బాగానే చేస్తుంది. వెండి బ్యాక్టీరియాను చంపుతుంది గానీ నింపాదిగా. రాగి బిందెలో నీళ్లు రాత్రి పోసి పొద్దున తాగడం మనకు తెలిసిందే. కొలనులో అంతసేపు ఆగే వీలేదీ? పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 7.5 దగ్గర 1 పీపీఎం (లీటరుకు ఒక మిల్లీగ్రాము) క్లోరిన్ ఈ-కొలై బ్యాక్టీరియాను నిమిషంలోపే చంపేస్తుంది. పైగా చెమట, మూత్రం, తలకు రాసుకున్న కొబ్బరినూనె లాంటివాటిని రాగి, వెండి ఏమీ చేయలేవు. వాటిని విరగ్గొట్టేది క్లోరినే. 1960ల్లో నాసా అపోలో కోసం వెండి అయాన్ల పరికరం తయారుచేసిన మాట నిజమే. అది మూసి ఉన్న ట్యాంకులోని తాగునీటి కోసం. అందులో ఎవరూ ఈదరు, దాని మీద ఎండా పడదు.

కింద చెప్పే కొలతలన్నీ 8 మీటర్ల పొడవు, 4.5 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతున్న కొలనుకు, అంటే సుమారు 50,000 లీటర్లకు. మీ కొలను దీనికి ఎన్నింతలో చూసి హెచ్చించుకోండి.

ముందు టెస్ట్ కిట్ సంగతి. చుక్కలు వేస్తే పసుపు రంగొచ్చే ఓటీవో కిట్ మొత్తం క్లోరిన్‌నే చూపిస్తుంది. అందులో పనిచేసే క్లోరిన్ (ఫ్రీ క్లోరిన్) ఎంతో చెప్పదు. గులాబీ రంగొచ్చే డీపీడీ కిట్ కొనండి. మినరల్ వాడేవాళ్లకు రాగి కొలిచే కిట్ కూడా వేరుగా కావాలి. కాట్రిడ్జ్‌తో పాటు దాన్ని ఇవ్వని చోట కొనకపోవడమే మంచిది.

నీళ్లు పచ్చబడ్డాయి

తెల్ల బకెట్‌లో నీళ్లు ముంచి చూడండి. మసకగా ఉండి, గోడ చేతికి జారుతుంటే అది పాచి. నీళ్లు అద్దంలా తేటగా ఉండి లేత ఆకుపచ్చ, నీలం కలిసిన రంగులో కనిపిస్తే రాగి ఎక్కువైంది. షాక్ డోసు (ఒకేసారి ఎక్కువ క్లోరిన్) వేసిన గంటకే గోధుమ రంగు తిరిగితే బోరు నీళ్లలోని ఇనుము. మూడింటికీ మందులు వేరు. పాచి అనుకుని రాగి నీళ్లలో క్లోరిన్ గుమ్మరిస్తే ఆ రాగి అంతా గోడలకు పట్టుకుంటుంది.

పాచే అయితే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: కాట్రిడ్జ్ ఉంది కదా అని క్లోరిన్ ఆపేశారు, లేదా పంపు రోజుకు మూడు గంటలే నడుపుతున్నారు. పంపు తిరిగితేనే కాట్రిడ్జ్‌లోకి నీళ్లు వెళ్తాయి. గంటకు 10 వేల లీటర్ల పంపు కొలను నీళ్లన్నీ ఒకసారి తిప్పడానికి 5 గంటలు కావాలి. ఏప్రిల్, మే నెలల్లో 8 నుంచి 10 గంటలు నడపాల్సిందే.

కాట్రిడ్జ్ బయటికి తీయండి. పీహెచ్‌ను 7.2కు దించండి (యాసిడ్‌తో ఎలాగో కింద చెప్పాను). గోడలు, మెట్ల మూలలు, నిచ్చెన వెనక బ్రష్‌తో గట్టిగా రుద్దండి. పొద్దు గుంకాక 65 శాతం క్లోరిన్ గుళికలు 800 గ్రాములు బకెట్ నీళ్లలో కలిపి, చుట్టూ తిరుగుతూ పోయండి. ఇది 10 పీపీఎంకు వస్తుంది. పంపు రాత్రంతా నడవాలి. ఫిల్టర్ ప్రెషర్ గేజ్ మామూలు కంటే 8-10 పీఎస్ఐ పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్ చేయండి, అంటే నీళ్లు వెనక్కి తిప్పి ఫిల్టర్ కడగండి. రాత్రి కొలిచిన క్లోరిన్‌కూ తెల్లారి కొలిచినదానికీ తేడా 1 పీపీఎం లోపుకు వచ్చేదాకా ఇదే పని. క్లోరిన్ మళ్లీ 3 లోపుకు దిగాకే ఈత, కాట్రిడ్జ్ కూడా అప్పుడే.

టీసీసీఏ (నెమ్మదిగా కరిగే క్లోరిన్) బిళ్లలను, ఈ గుళికలను ఒకే బకెట్‌లో, ఒకే కొలపాత్రతో కూడా ఎప్పుడూ కలపొద్దు. రెండూ కలిస్తే పేలతాయి.

గోడల మీద నీలి, నల్ల మరకలు. ముగ్గుబుట్ట జుట్టుకు పచ్చ రంగు

తెల్ల జుట్టు పచ్చబడితే అందరూ క్లోరిన్‌ను తిడతారు. చేసింది రాగి.

రాగి 0.2 నుంచి 0.4 పీపీఎం మధ్య ఉంటే చాలు. అది ఎండకు ఎగిరిపోదు, ఆవిరితో పోదు. వేసవిలో ఇంత కొలను నుంచి రోజుకు సుమారు 250 లీటర్లు ఆవిరవుతాయి. వాటి బదులు బోరు నీళ్లు పోస్తారు. పాత రాగి అక్కడే ఉంటుంది, కొత్త రాగి వచ్చి చేరుతుంది, పోసిన నీళ్లతో కఠినత్వం కూడా. బోరు నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ కాబట్టి పీహెచ్ దానంతట అదే 8 దాటుతుంది. అక్కడ రాగి నీళ్లలో నిలవలేక గోడల మీద పేరుకుంటుంది.

రాగి ఎక్కువయ్యే రెండో దారి మన దగ్గర ఇంకా ఎక్కువ: మైలుతుత్తం. బోర్డో మిశ్రమం కోసం పొలానికి తెచ్చినదాన్ని "పాచికి మంచిది" అని ఓ కిలో కొలనులో వేస్తారు. లెక్క చూడండి. మైలుతుత్తంలో నాలుగో వంతు రాగి. 50 వేల లీటర్లలో కిలో వేస్తే 5 పీపీఎం! కావాల్సిన 0.3 పీపీఎంకు 60 గ్రాములు సరిపోయేది. కాట్రిడ్జ్ పెట్టుకుని మళ్లీ మైలుతుత్తమో, రాగి ఉన్న ఆల్గిసైడో (పాచి మందో) వేయడం చేజేతులా మరక తెచ్చుకోవడమే. ఆల్గిసైడ్ డబ్బా కొనేముందు దాని మీద కాపర్ అన్న మాట ఉందేమో చూడండి.

కాట్రిడ్జ్ తీసి, క్లోరిన్ 1 పీపీఎం లోపుకు దిగనిచ్చి (అప్పటిదాకా ఈత వద్దు), పీహెచ్ 7.2కు తెండి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు గుప్పెడు పాత సాక్సులో పోసి ముడివేసి, మరక మీద ఐదు నిమిషాలు అదిమి పట్టుకోండి. పక్క టైల్ కంటే అక్కడ తేటబడితే రాగే. విటమిన్ సి బిళ్ల రుద్దితే పోయేది ఇనుము. దేనికీ చలించని నల్ల మరక వెండిది కావచ్చు, దాన్ని వదిలించడం చాలా కష్టం. మరక వదిలిన రాగి మళ్లీ నీళ్లలోకే వస్తుంది కాబట్టి లోహాలను పట్టి ఉంచే సీక్వెస్ట్రెంట్ వేసి, తర్వాత నీళ్లు మార్చాలి. సగం మారిస్తే రాగి సగమవుతుంది, దానికి దగ్గరి దారి లేదు. కొత్త నీళ్లు కృష్ణా నీళ్లైతే మేలు; బోరు నీళ్లే గతైతే పోసే ముందు వాటి ఇనుము, కఠినత్వం పరీక్ష చేయించండి.

పీహెచ్ దించడానికి 30 శాతం మ్యూరియాటిక్ (హైడ్రోక్లోరిక్) యాసిడ్ ఒక లీటరు వేస్తే ఆల్కలినిటీ (నీళ్లలోని క్షార నిల్వ) సుమారు 10 పీపీఎం తగ్గుతుంది. ఒకేసారి అర లీటరు మించకుండా, బకెట్ నీళ్లలో యాసిడ్ పోసి (యాసిడ్‌లో నీళ్లు పోయొద్దు), పంపు నడుస్తుండగా లోతు వైపు వేసి, నాలుగు గంటలాగి కొలవండి. పసుపుగా ఉండే చౌక యాసిడ్‌లో ఇనుము ఉంటుంది. మరకలు వదిలించడానికి అది వాడితే కొత్త మరక వస్తుంది.

పొద్దున వేసిన క్లోరిన్ మధ్యాహ్నానికి సున్నా

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో రక్షణ లేని క్లోరిన్ గంటలోపే సగమైపోతుంది. స్టెబిలైజర్ అని అమ్మే సయన్యూరిక్ యాసిడ్ 30-50 పీపీఎం ఉంటే కాపాడుతుంది; 30కి ఒకటిన్నర కిలో పడుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. "మినరల్ ఉంటే 0.5 పీపీఎం క్లోరిన్ చాలు" అని డబ్బా మీద రాస్తారు, కానీ సయన్యూరిక్ 50 ఉన్న నీళ్లలో ఆ 0.5కు పస ఉండదు. ఇక్కడి ఎండలో స్టెబిలైజర్ తప్పదు, కాబట్టి క్లోరిన్ 2 పీపీఎం కంటే దిగనివ్వొద్దు. టీసీసీఏ బిళ్లలే వాడుతుంటే సయన్యూరిక్ దానంతట అదే పెరుగుతుంటుంది, 80 దాటితే నీళ్లు మార్చడమే.

పీహెచ్ కూడా చూడండి: 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం గట్టిగా పనిచేసే రూపంలో ఉంటే, 8 దగ్గర పావు వంతే. ద్రవ క్లోరిన్ డబ్బాను ఎండాకాలంలో నెల రోజులు గోడ పక్కన వదిలేస్తే దాని బలం సగం దాకా పడిపోతుంది. నీడలో పెట్టండి, రెండు వారాలకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి.

ఘాటు వాసన, కళ్ల మంట

మినరల్ పెట్టాక కూడా ఇది వస్తే క్లోరిన్ చాలలేదని అర్థం. చెమట, మూత్రంతో కలిసిన క్లోరిన్‌దే ఆ వాసన. డీపీడీతో కొలిచిన మొత్తం క్లోరిన్ అంకెలోంచి ఫ్రీ క్లోరిన్ అంకె తీసివేయండి, మిగిలింది 0.5 అయితే దానికి పదిరెట్లు, అంటే 5 పీపీఎం పెంచాలి: 65 శాతం గుళికలు 385 గ్రాములు, సాయంత్రం. ఈత ముందు తలారా స్నానం చేయమని చెప్పడం ఇంతకంటే చవక.

అయొనైజర్ లైటు వెలుగుతోంది, రాగి రీడింగ్ లేదు

కడ్డీల మీద తెల్ల సున్నం పేరుకుంది. బయటికి తీసి, పది వంతుల నీళ్లకు ఒక వంతు యాసిడ్‌లో నిమిషం ముంచి, బ్రష్ చేసి కడిగి పెట్టండి. కడ్డీలు పెన్సిల్ అంత సన్నబడితే మార్చాలి. ఉప్పు కొలనులో (ఉప్పు నుంచి క్లోరిన్ తయారుచేసుకునేదానిలో) వెండి సిల్వర్ క్లోరైడ్‌గా మారి పనికిరాకుండా పోతుంది. అక్కడ ఈ పరికరం దండగ. మెగ్నీషియం, పొటాషియం లవణాలు వేసే "మినరల్ పూల్" వేరు సంగతి, అది లోపల క్లోరిన్ తయారుచేసుకునే కొలనే.

ఇద్దరు ముగ్గురు ఈదే ఇంటి కొలనుకు, కృష్ణా నీళ్లు పోసుకునేవాళ్లకు కాట్రిడ్జ్ దాని డబ్బు అది తెచ్చిపెడుతుంది. సంక్రాంతికి వారం ఊరెళ్లొచ్చినా గోడ పాచి పట్టకుండా కాస్త ఆగుతుంది. ఆదివారం నలభై మంది పిల్లలు దూకే అపార్ట్‌మెంట్ కొలనుకైతే ఆ డబ్బుతో క్లోరిన్ డోసింగ్ పంపు బిగించండి.