పిడుదుల జ్వరం: రక్తపు స్మియర్‌లో ఏమీ కనిపించలేదా?

లక్షణం: పశువుకు జ్వరం 105, 106 డిగ్రీలు. సూది వేస్తే దిగుతుంది, మర్నాడు మళ్లీ ఎక్కుతుంది. పాలు పడిపోయాయి, నెమరు లేదు, కళ్ల వెంట నీరు.

మందు మార్చే ముందు భుజానికి ముందువైపు చెయ్యి పెట్టి చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పనీ చెయ్యరు. చర్మం కింద కోడిగుడ్డంత గడ్డ వేళ్లకు తగిలి జారుతుంటే లింఫు గ్రంథి వాచినట్టే. సంకరజాతి పశువైతే ముందు థైలేరియానే (పిడుదులు ఎక్కించే పరాన్నజీవి) అనుమానించండి.

మూత్రం కాఫీ రంగులో ఉంటే అది బబీసియా (పిడుదులు ఎక్కించే మరో పరాన్నజీవి), డిమినాజిన్ సూదికి లొంగుతుంది. థైలేరియాలో మూత్రం సాధారణంగా ఎర్రబడదు, డిమినాజిన్ పనిచెయ్యదు. "పిడుదుల రోగమేగా" అని అందరికీ అదే సూది వేస్తే విలువైన రోజులు పోతాయి.

అసలు మోసం ఇక్కడ: చెవి నరం రక్తంతో స్మియర్ తీస్తారు (చుక్కను గాజు పలక మీద పరిచి సూక్ష్మదర్శినిలో చూడటం), "పరాన్నజీవి లేదు" అని రిపోర్టు వస్తుంది. ఇక యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్. పిడుదు కుట్టాక థైలేరియా ముందు పెరిగేది తెల్ల కణాల్లో, గ్రంథుల్లో. జ్వరం అప్పుడే అందుకుంటుంది. ఎర్ర కణాల్లోకి చేరడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. అందుకే మొదట్లో రక్తం శుభ్రంగా కనిపిస్తుంది. వాచిన గ్రంథిలో సూది గుచ్చి, వచ్చిన కాస్త ద్రవాన్ని గాజు పలక మీద పరిచి జీమ్సా రంగు వేయించండి. లింఫు కణాల లోపల నీలి ముద్దలు కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. దీనికి ఎదురు తిప్పలూ ఉన్నాయి: కోలుకున్న పశువు రక్తంలో కొద్దిపాటి పరాన్నజీవులు చాలాకాలం మిగిలే ఉంటాయి. జ్వరం లేకుండా అవి కనిపిస్తే కంగారొద్దు.

పరిష్కారం: బుపార్వాక్వోన్, కిలో బరువుకు 2.5 మి.గ్రా., మెడ కండలో లోతుగా, పశువైద్యుడి చేత. బరువు కంటిచూపుతో అంచనా కట్టకండి, ఛాతీ చుట్టూ టేపు పెట్టండి. జ్వరం దిగకపోతే 48-72 గంటలకు మరో మోతాదు. కనురెప్ప లోపల తెల్లగా పాలిపోయిందంటే రక్తం ఎక్కించాల్సి రావచ్చు.

అనాప్లాస్మా (పిడుదులు ఎక్కించే ఇంకో క్రిమి) అయితే ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్. మిగతావి అరుదు, డాక్టరుకే వదిలేయండి.

"ఒంటి మీద పిడుదులే లేవండీ": ఉండవు. హయలోమా పిడుదు కడుపునిండా తాగి రాలిపోతుంది, జ్వరం వచ్చేది ఆ తర్వాత వారం నుంచి మూడు వారాల్లో. అప్పటికి అది పాక గోడ పగుళ్లలో ఉంటుంది. పగుళ్లు పూడ్చండి, పశువుతోపాటు గోడలకూ మందు కొట్టించండి.