రేస్ ఇస్తే కారు మోత: షెడ్డుకెళ్లే ముందు ఇంట్లోనే పట్టుకోవడం ఎలా

మా పాత పెట్రోల్ కారు ఒకప్పుడు రెండో గేర్‌లో రేస్ ఇచ్చినప్పుడల్లా గిర్ర్‌మని రేకు మోత పెట్టేది. షెడ్డులో చూపిస్తే గేర్‌బాక్సు దించాలన్నారు. ఆ నెల చేతిలో డబ్బుల్లేక దించనివ్వలేదు. తర్వాత ఓ ఆదివారం కింద తొంగి చూస్తే, సైలెన్సర్ వేడి పైకి తగలకుండా పైపు చుట్టూ బిగించే పల్చటి రేకు బోల్టు దగ్గర తుప్పుపట్టి ఊడి, పైపుకు కొట్టుకుంటోంది! హార్డ్‌వేర్ షాపులో పెద్ద సైజు స్టీలు హోస్ క్లిప్పు కొని, రేకునీ పైపునీ కలిపి బిగించాను, మోత పోయింది. అప్పట్నుంచీ ఏ శబ్దం వచ్చినా ముందు నేనే చూసుకుని, ఆ తర్వాతే మెకానిక్ దగ్గరకెళ్తున్నాను.

మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే, మోత ఇంజిన్‌తో పెరుగుతోందా, చక్రాలతో పెరుగుతోందా అని. బండి ఆరుబయట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో మెల్లగా 3,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) వరకు రేస్ ఇవ్వండి. నిలబడి ఉన్నప్పుడు కూడా అదే శబ్దం వస్తే ఇంజిన్, బెల్టులు, సైలెన్సర్ వీటిలో ఏదో ఒకటి. రాకపోతే, ఖాళీగా ఉన్న తిన్నటి రోడ్డు మీద 60లో వెళ్తూ కాలు తీసేసి న్యూట్రల్‌కి తెచ్చి వినండి (ఇంజిన్ మాత్రం ఆపొద్దు, స్టీరింగూ బ్రేకూ బరువైపోతాయి). శబ్దం అలాగే ఉండి బండి వేగం తగ్గేకొద్దీ తగ్గితే అది టైర్లది గానీ, చక్రాల బేరింగులది గానీ. కాలు తీయగానే టక్కున ఆగిపోతే ఇంజిన్ మీద బరువు పడినప్పుడే వచ్చేదన్నమాట, అంటే మౌంటింగు (ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ), యాక్సిల్ జాయింటు (చక్రాన్ని తిప్పే ఇరుసు కీలు), ఒక్కోసారి సైలెన్సర్ లీకు కూడా.

ఎక్కువగా దొరికే దొంగ సైలెన్సరే. ఇంటి నుంచి కూరగాయల మార్కెట్ దాకా, అక్కణ్నుంచి ఇంటికి, ఇలా రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండ్లలో పైపు పూర్తిగా వేడెక్కదు, లోపల పట్టిన నీరు ఆరదు, దాంతో లోపల్నుంచే తుప్పు తింటుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పుగాలి బయటి నుంచి తన పని తాను చేస్తుంది. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లితే లీకున్న చోట బుడగలు వస్తాయి. ఇంకొకరు మందపాటి తడిగుడ్డతో వెనక గొట్టాన్ని రెండు మూడు సెకన్లు అడ్డుపెడితే బుస్సుమనే చప్పుడు ఎక్కడిదో ఇంకా బాగా తెలుస్తుంది. జాయింటు దగ్గర నల్లటి మసి చార ఉన్నా అదే గుర్తు. ఇదంతా షట్టర్ వేసిన గ్యారేజీలో మాత్రం చేయకండి, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పైపుకు చిల్లు పడితే వెల్డింగ్‌తో సరిపోతుంది, ట్యూబుల్లో అమ్మే పేస్టు నాలుగు రోజుల ముచ్చటే. ఇంజిన్‌కు ఆనుకుని ఉండే గాస్కెట్ (జాయింటులో లీకు కాకుండా మధ్యలో పెట్టే పల్చటి బిళ్ల) పోతే మాత్రం మీరు చెయ్యి పెట్టొద్దు, అక్కడ బిగించే స్టడ్ బోల్టులు విరిగితే ఖర్చు రెట్టింపు.

కీచుమని అరుపొస్తే బెల్టు. ఇంజిన్ నడుస్తుండగా దూరం నుంచి బెల్టు మీద కొంచెం నీళ్లు చల్లండి, చున్నీ, లుంగీ, వేలాడే ఏ గుడ్డా దగ్గరికి రానివ్వకుండా. అరుపు ఇంకా పెరిగితే బెల్టు వదులై జారుతోంది, కాసేపు ఆగి మళ్లీ మొదలైతే బెల్టు తిరిగే పుల్లీల (గాడి చక్రాల) వరస తప్పినట్టు.

రేస్ ఇవ్వగానే బోమ్మని గాలి పీల్చే మోత కొత్తగా వస్తే, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడండి. సర్వీసింగ్‌లో క్లిప్పులు సరిగా వేయకుండా వదిలేయడం మామూలే. ఆ డబ్బా నుంచి వెళ్లే రబ్బరు గొట్టాన్ని ఎలుకలు కొరికినా ఇదే మోత. టర్బో డీజిల్‌లో గొట్టం పగిలితే మోతతో పాటు పికప్ పడిపోతుంది, నల్లపొగ కూడా రావచ్చు.

నడిచేటప్పుడే వచ్చే వాటిలో బేరింగుది విమానం హోరులాంటి శబ్దం. వేగంలో ఉన్నప్పుడు స్టీరింగు కొద్దిగా ఎడమకు తిప్పితే హోరు పెరిగిందంటే సాధారణంగా కుడివైపు బేరింగు పోయినట్టు, ఎందుకంటే బరువు అటు పడుతుంది. సిమెంటు రోడ్డు మీద ఒకలా, తారు మీద ఇంకోలా వస్తే అది టైర్లదే, బేరింగు మార్పించి డబ్బులు పోగొట్టుకోకండి. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టక్‌టక్‌మంటే యాక్సిల్ బయటి జాయింటు, చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మి ఉంటే ఆ జాయింటును కప్పే రబ్బరు బూటు చిరిగిందని రూఢి చేసుకోవచ్చు. బూటు చిరిగిన కొత్తలోనే మారిస్తే జాయింటు దక్కుతుంది. కదిలేటప్పుడు ధబ్బుమని ఒక్కసారి కొడితే ఇంజిన్ మౌంటింగు.

కింద చూడాలంటే బండిని జాక్ స్టాండ్ల మీద ఆపాకే దూరండి, ఒక్క జాకీని నమ్మి దూరొద్దు.

ఇక నాలుగో గేర్‌లో 30లో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు వస్తోందా? అది నాకింగ్ (సిలిండర్లో పెట్రోలు సరిగా కాకుండా మండి చేసే చప్పుడు), గేరు తగ్గించండి, చాలాసార్లు అక్కడితో పోతుంది. గేరు తగ్గించినా ఉంటే స్పార్క్ ప్లగ్గులు, లోపల పేరుకున్న కార్బన్ మసి, పోయించుకున్న పెట్రోలు చూపించుకోవాలి. దీనికీ, ఇంజిన్ అడుగు నుంచి సుత్తితో కొట్టినట్టు బరువుగా వచ్చే చప్పుడుకీ పొరపడొద్దు. అది వినబడితే, లేదా ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే, ఇంకో కిలోమీటరే కదా అనుకోకుండా పక్కకి ఆపి, ఇంజిన్ కట్టేసి, ఆయిల్ పుల్ల తీసి చూసి, టోయింగ్‌కి ఫోన్ చేయండి.